మంది ఎక్కితేనే నేరుగా పోయే జీపు

“నీకసలు ఈ పని వచ్చా?” అని జగన్నాథరావు అడిగేసరికి ఆయన స్కూటరు మురిక్కాలవలో పడి ఉంది. దాని మీద బాలకిషన్ సేటు జీపు ముందు చక్రం ఎక్కి ఉంది. జీపులో స్టీరింగు పట్టుకుని మొగులయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. సాక్ష్యాలు ఇంత పక్కాగా ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే.

“పని వస్తది సార్. బండే మాటింటలేదు,” అన్నాడు మొగులయ్య.

“స్టీరింగు నీ చేతుల్లోనే ఉంది కదయ్యా!”

“ఉన్నది. నేను సీదానే పట్టిన. కాల్వ మీది షాబాద్ బండ ఎక్కంగనే అదే పక్కకు మళ్ళింది.”

“అదే మళ్ళిందా? నా స్కూటరంటే దానికి అంత ప్రేమెందుకో?”

జగన్నాథరావు మున్సిపాలిటీలో ఓవర్సీరు. తెనాలి వైపు పుట్టి, డిప్లొమా చదివి, మలక్‌పేటలో అద్దెకుంటూ పాతబస్తీ రోడ్లను వెడల్పు చేసే పనిలో ఉన్నాడు. వెడల్పు చెయ్యడమంటే అప్పటికింకా ఎర్రరంగు డబ్బా, కుంచె పట్టుకుని తిరగడమే. ఎవరి గోడ మీద ఎర్రగీత పడితే వాళ్ళ గోడ ఏదో ఒకనాడు పోతుంది. కార్వాన్‌లో మొగులయ్య షెడ్డు మీద గీత పడి అప్పటికి నెల అయింది. ఆ ఉదయం ఆయన టేపుతో కొలత సరిచూసుకోవడానికి వచ్చాడు. జీపు స్కూటరును తొక్కడం చూసినవాళ్ళంతా మొగులయ్య కావాలనే తొక్కించాడనుకుని లోలోపల మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు అతను అర్హుడు కాడు. బండి నిజంగానే అతని మాట వినలేదు.

మొగులయ్యది కమాన్ల పని. బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టను ఆ బస్తీలో కమాన్ అంటారు. వాళ్ళ నాయన టాంగాలకు కమాన్లు చేసి బతికాడు. టాంగాలు పోయి ఆటోలు వచ్చాక కొడుకు జీపులకూ లారీలకూ మారాడు. కొలిమి మాత్రం అదే, స్థలం కూడా అదే. ఆ స్థలం ఎవరిదని నాయన అడగలేదు, కొడుకు అడగలేదు, మున్సిపాలిటీ కూడా అంతకాలం అడగలేదు. షెడ్డు నడుమ మనిషి నిలబడేంత లోతు గుంత ఒకటి ఉంది. బండిని దాని మీదికి తెచ్చి ఆపి, కింద నిలబడి పని చెయ్యాలి. ఆ గుంతను మొగులయ్యే తవ్వుకున్నాడు, చుట్టూ రాళ్ళు పేర్చుకున్నాడు, వానకు ఊట రాకుండా సున్నం కొట్టుకున్నాడు. గీత పడ్డప్పుడు ఇరుగుపొరుగు పరామర్శకు వచ్చి, రేకులు విప్పుకొని ఇంకో చోట వేసుకోరాదా అని ఉచిత సలహా ఇచ్చారు.

“రేకులు మోస్కపోత. కొలిమి మోస్కపోత. గుంతనెట్ల మోస్కపోవాలె?” అన్నాడు మొగులయ్య.

పరామర్శ అక్కడితో ముగిసింది. గుంత లేకపోతే అతను సుత్తె ఉన్న కూలివాడు. యాభై దాటిన వయసులో ఇంకొకరి షెడ్డులో, ఇంకొకరి గుంతలో దిగి పని చెయ్యాలి. అతను రాత్రీ పగలూ ఆలోచించిందల్లా ఈ ఒక్క విషయమే.

దీనికి ఒకే ఒక్క మందు ఉందని బాలకిషన్ చెప్పాడు. ఆ మందు తను గెలవడం.

పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం, కార్వాన్‌లో మూడంతస్తుల మేడ, ఆ రెండింటికీ ఏమాత్రం సరిపోని ఎత్తు. ఇదీ బాలకిషన్ ఆస్తి. ఎనభై ఆరులో, ఎన్నో ఏండ్ల తర్వాత మున్సిపల్ ఎన్నికలు వచ్చినప్పుడు ఏ పార్టీ టికెట్టు ఇవ్వకపోయేసరికి, ప్రజల ఒత్తిడి భరించలేక స్వతంత్రంగా నిలబడుతున్నానని ప్రకటించాడు. ఒత్తిడి చేసిన ప్రజలు ఎనిమిది మంది. వాళ్ళు పొద్దున్నే ఆయనింట్లో పూరీలు తిని, ఆయన మిలిటరీ వేలంలో కొన్న పాత జీపెక్కి, సాయంత్రం దాకా జిందాబాద్ కొట్టేవారు. ఎదుటి అభ్యర్థి మల్లన్నకు కల్లు దుకాణాలూ, పెద్ద పార్టీ టికెట్టూ, పుట్టుకతో వచ్చిన ఆరడుగుల ఎత్తూ ఉన్నాయి. ఒకరోజు రెండు ఊరేగింపులూ ఒకే సందులో ఎదురుపడ్డాయి. జనానికి మల్లన్న నవ్వు కనిపించింది. బాలకిషన్ వైపు పూలదండ ఒక్కటే కనిపించింది. మరునాడు పొద్దున జీపు మొగులయ్య షెడ్డు ముందు నిలబడింది.

“జానెడు లేపాలె మొగులయ్యా. పబ్లిక్‌కు నేను కనబడాలె.”

“బండిల చిన్న స్టూలేస్కొని నిలబడరాదు సేటు?”

“నవ్వుతరు. బండే ఎత్తుగుంటే ఎవడూ నవ్వడు. నువ్వు లేపు. గెలవంగనే నీ షెడ్డు మీది గీత చెరిపిస్త. జబాన్ ఇస్తున్న.”

గుంత కోసం మొగులయ్య ఆ జీపును జానెడు కాదు, మేడ మీదికైనా ఎక్కించేవాడు. పట్టీలను కొలిమిలో కాల్చి వంపు పెంచాడు. ఒక్కో కట్టకు రెండేసి పట్టీలు కలిపాడు. జీపు లేచింది. బాలకిషన్ ఎక్కి నిలబడి చుట్టూ చూసుకున్నాడు. ఈ వయసులో మళ్ళీ పెరగడం ఎంతమందికి దక్కుతుంది?

ఆయన డ్రైవరు బీరయ్య మాత్రం బండిని సందు చివరిదాకా తీసుకెళ్ళి తిరిగొచ్చేసరికి పాలిపోయి ఉన్నాడు.

“అన్నా, బండి తాగినట్టు నడుస్తున్నది.”

“నువ్వు తాగినవా?”

“పొద్దుగాల నేను తాగనన్నా. నువ్వే నడిపి చూడు.”

మొగులయ్య నడిపి చూశాడు. ఫలితం జగన్నాథరావు స్కూటరు.

సంగతి తెలిసి బాలకిషన్ పరుగున వచ్చాడు. కారణం ఆయనకు చూడగానే అర్థమైంది. దిష్టి. మల్లన్న మనుషుల కళ్ళు ఎత్తు పెరిగిన బండి మీద పడ్డాయి. వెంటనే నిమ్మకాయలు, మిరపకాయలు, గుమ్మడికాయ తెప్పించాడు. అమ్మవారి గుడి నుంచి కుంకుమ తెప్పించాడు. వార్డులో ఓట్లు రెండు వైపులా ఉన్నాయి కనుక దర్గా నుంచి పచ్చ తాడు కూడా తెప్పించి బంపరుకు కట్టించాడు. ఇంత చేసి బీరయ్యను నడపమన్నాడు. జీపు నిమ్మకాయలను తొక్కి, గుమ్మడికాయను తప్పించుకుని, అదే షాబాద్ బండ ఎక్కి, అదే కాలవ వైపు మళ్ళింది. అక్కడ ఈసారి స్కూటరు లేదు. అమ్మవారి దయ అంటే ఇదేనన్నాడు బాలకిషన్.

జగన్నాథరావు తన స్కూటరు బాగయ్యేదాకా కదలనని షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కూల్చబోయే షెడ్డులో కూర్చుని, ఆ షెడ్డువాళ్ళు తెప్పించిన చాయ్ తాగడానికి ఆయనకేమీ ఇబ్బంది కలగలేదు. మొగులయ్యకూ కలగలేదు. పగబట్టడానికి తీరిక ఉండాలి. అతను ముందు స్టీరింగు కీళ్ళన్నీ విప్పి కొత్తవి వేశాడు. లాభం లేదు. ముందు చక్రాలు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూశాడు. ఉన్నాయి. చివరికి గుంతలో దిగి చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు. ఉండబట్టలేక జగన్నాథరావు కూడా వంగి కిందికి చూశాడు.

“ఏమైనా తెలుస్తోందా?”

“రాడ్డు సార్. గీ పొడుగు రాడ్డు మునుపు పండుకొని ఉంటుండె. ఇప్పుడు నిచ్చెన లెక్క నిలబడ్డది.”

స్టీరింగు పెట్టె ఉండేది బండి మీది చట్రానికి. చక్రాలుండేది కింద ఇరుసుకు. పైదాని మాటను కిందికి చేరవేసేది ఆ పొడుగు రాడ్డు. చట్రాన్ని జానెడు లేపితే రాడ్డు పై కొస లేస్తుంది, కింది కొస అక్కడే ఉంటుంది. అలా వాలుగా ఉన్న రాడ్డు, గతుకుల్లో ఇరుసు పైకీ కిందికీ ఊగిన ప్రతిసారీ చక్రాన్ని తనే ఒక తోపు తోస్తుంది. డ్రైవరు ఒకటి చెప్తాడు, రాడ్డు ఇంకొకటి చేస్తుంది.

“అయితే పైన ఆ రాడ్డును తిప్పే చెయ్యి ఉంది చూడు, దాన్ని కిందికి వంచు. రాడ్డు మళ్ళీ సమంగా వస్తుంది,” అన్నాడు జగన్నాథరావు.

“గదే చేద్దామనుకుంటున్న సార్. నీ నోట్లకెళ్ళి వచ్చేసరికి జర చదువుకున్నట్టున్నది.”

ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కొంచెం మర్యాద కలిగింది. మర్యాద కలిగిన చోట తప్పు పట్టుకునేవాడు ఉండడు.

మొగులయ్య ఆ ఉక్కు చేతిని విప్పి, కొలిమిలో ఎర్రగా కాల్చి, కిందికి వంచి మళ్ళీ బిగించాడు. ఇక మట్టం చూడాలి. దానికి అతని పద్ధతి ఒకటే. సగం నీళ్ళు పోసి బిరడా పెట్టిన క్వార్టరు సీసాను రాడ్డు మీద పడుకోబెడతాడు. నీటి గీత సీసా పొడుగునా సమంగా ఉంటే రాడ్డు సమంగా ఉన్నట్టు. మట్టం చూసే వేళకు బండి ఖాళీగా ఉండాలి. అప్పటికి బాలకిషన్ మనుషులు ఎనిమిది మందీ బండెక్కి కూర్చున్నారు, ప్రచారానికి టైమవుతోందని.

“అన్నా, జర దిగుండ్రి. చాయ్ చెప్పిన, తాగుండ్రి,” అన్నాడు మొగులయ్య.

“చాయ్ ఈడికే పంపు. దిగితే మా జాగ పోతది,” అన్నాడు ముందు సీట్లో కూర్చున్న ఎల్లయ్య.

“ఎవరు గుంజుకుంటరన్నా నీ జాగ? ఈడ ఉన్నది మీరే గదా.”

“గీ ఏడుగురున్నరు చాలదా?”

సేటు పక్కన ఎవరు కూర్చుంటే రేపు ఆయన గెలిచాక వీధిదీపాల కాంట్రాక్టు వాళ్ళదని అందరికీ లెక్క ఉంది. అందుకే ఒకడు దిగితే తప్ప రెండోవాడు దిగడు, మొదటివాడు ఎవరో తేలదు. వేరే గిరాకీ అయితే మొగులయ్య తిట్టి దింపేవాడు. వీళ్ళు తన గీతను చెరిపించబోయే మనుషులు. పైగా ఈ బండి వీళ్ళు లేకుండా ఎప్పుడు నడిచింది గనక? ఎట్లా నడుస్తుందో అట్లానే సరిచేస్తే సరిపోదా? అనుకుని గుంతలో దిగి సీసా పెట్టాడు. కొంచెం సవరించాడు. నీటి గీత సమంగా నిలిచింది. జగన్నాథరావు కూడా దిగి ఒక కన్ను మూసి చూసి, “స్పిరిట్ లెవెల్ పెట్టినా ఇంతకంటే బాగా రాదు,” అని సర్టిఫికెట్టు ఇచ్చాడు. పైన ఎనిమిది మంది చాయ్ తాగుతున్నారు.

జీపు బాణంలా పోయింది. షాబాద్ బండ ఎక్కి దిగినా చక్రం చెక్కు చెదరలేదు. పోలింగు దాకా మిగిలిన పది పన్నెండు రోజులూ కార్వాన్ సందుల్లో బాలకిషన్ ఎత్తున నిలబడి, రెండు చేతులూ జోడించి, నేరుగా పోయాడు. ఆయన ఉపన్యాసాలు తప్ప అన్నీ నేరుగానే పోయాయి. మొగులయ్య ప్రతి సాయంత్రం షెడ్డు బయట నిలబడి జీపు కాలవ దాటే చోటును చూసేవాడు. మనిషి గెలుపు మీద అతనికి పెద్ద నమ్మకం లేదు గాని, రాడ్డు మీద ఉంది.

లెక్కింపు నాడు బాలకిషన్ ఓడిపోయాడు. ఎంత ఘోరంగా అంటే, మల్లన్న మనుషులు ఎగతాళి చెయ్యడానికి కూడా ఆయన పేరు గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది.

సాయంత్రం బీరయ్య రొప్పుతూ షెడ్డుకు వచ్చాడు.

“అన్నా, నా తప్పు లేదు. అమ్మతోడు.”

“ఏమైంది?”

“లెక్కింపు కాడికెళ్ళి వస్తున్నం. సేటు, నేను, ఇద్దరమే. ఎన్మిది మందిల ఒక్కడు కనబడలే, ఎటోళ్ళు అటు జారుకున్నరు. ఎదురుంగ మల్లన్న గెలిచిన ఊరేగింపు, పెద్ద జులూస్. పక్కకెళ్ళి చప్పుడు చెయ్యకుండ పోదామనుకున్న. బండ ఎక్కినమో లేదో, బండి తిరిగింది. సక్కగ జులూస్‌ల జొచ్చి, డప్పులోళ్ళ నడుమ ఆగింది.”

“కొట్టిండ్రా?”

“కొడితే మంచిగుంటుండె! మల్లన్న అనుకున్నడు, సేటు ముబారక్ చెప్పనీకి వచ్చిండని. తన మెడల దండ తీసి సేటు మెడల ఏసిండు. ‘బాలకిషనన్నది మస్తు పెద్ద దిల్, మన పార్టీల కలిసిండు’ అని మైకుల చెప్పిండు.”

“సేటేమన్నడు?”

“ఏమంటడన్నా? స్టీరింగ్ ఖరాబై వచ్చిన అని మైకుల చెప్తడా? ‘వార్డు తరక్కీ కోసం, అభివృద్ధి కోసం’ అన్నడు.”

“బండిల ఇద్దరే ఉన్నరా?” అని మొగులయ్య మళ్ళీ అడిగాడు. బీరయ్య తలూపాడు. ఎనిమిది మంది దిగితే కమాన్లు లేస్తాయి, కమాన్లు లేస్తే రాడ్డు మళ్ళీ వాలుతుంది. సీసా అబద్ధం చెప్పలేదు. జనం ఉన్న నాటి నిజం చెప్పింది.

ఇంట్లో భార్య కృష్ణమ్మకు సంగతంతా చెప్పాడు. కార్వాన్ మండీలో కూరగాయలమ్మే మనిషి ఆమె, తూకం తెలిసినది.

“అయితే నీ తప్పుతోనే సేటు గెలిచినోళ్ళ దిక్కు పడ్డడు.”

“అంతే.”

“మరి పోయి చెప్పు. గీత చెరిపించమను.”

“నేను తప్పు చేసిన అని పోయి చెప్పాల్నా?”

“మంచిగ పని చేసినందుకు ఇంతదాంక ఎవడన్న నీకు ఏమన్న ఇచ్చిండా? తప్పు చేసినందుకన్న ఇస్తడేమో అడిగి చూడు.”

మొగులయ్య ఉతికిన చొక్కా వేసుకుని పత్తర్‌గట్టికి పోయాడు. దుకాణం ముందు జీపు పూలతో నిండి ఉంది. అమ్మవారే స్వయంగా చక్రం తిప్పి తనను సరైన దారిలో పెట్టిందని బాలకిషన్ చెప్పగా చెప్పగా, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు జీపు బానెట్టుకు దండం పెట్టి లోపలికి వస్తున్నారు. గిరాకీ కూడా పెరిగింది.

“సేటు, బండిని మలిపింది అమ్మవారు గాదు. నేను,” అన్నాడు మొగులయ్య మెల్లగా.

బాలకిషన్ అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు. మొగులయ్య రాడ్డు సంగతి, కమాన్ల సంగతి, సీసా సంగతి విడమరిచి చెప్పాడు.

“అంటే నేను స్టీరింగ్ ఖరాబై పార్టీ మారిన అంటవా?”

“అవును సేటు.”

“బయట ఎవరికన్నా చెప్పినవా?”

“లే. గీత చెరిపిస్తే ఎవరికీ చెప్ప.”

“అమ్మవారు చేసిన పనిని నేను చేసిన అంటవా? కండ్లు పోతయ్ మొగులయ్యా!”

“పోనీ అమ్మవారే నా చేతుల మీదికెళ్ళి చేయించింది. గీత చెరిపించు.”

బాలకిషన్ నిట్టూర్చాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు. చెయ్యలేని పని అడిగినప్పుడు మంచివాళ్ళంతా బాధపడతారు. “నేను అపొజిషన్‌ల ఉంటే నీ షెడ్డు కోసం లొల్లి చేస్తుంటి. ధర్నాల కూసుంటుంటి. ఇప్పుడెట్ల? రోడ్డు మా పార్టీ రోడ్డు.”

“జబాన్ ఇచ్చినవ్ గద సేటు.”

“గెలవంగనే అన్న. గెలిచిన్నా?”

మొగులయ్య లేచి వస్తూ, పనివాడి అలవాటు కొద్దీ, “బండి షెడ్డుకు పంపు. ఖాళీగ ఉన్నప్పుడు సుత సీదా పోయేటట్టు చేస్త,” అన్నాడు.

“ఇగ ఖాళీగ ఎప్పుడు పోతది?” అన్నాడు బాలకిషన్, గుమ్మం వైపు చూపిస్తూ. ఎల్లయ్య, మిగతా ఏడుగురు అప్పటికే జీపెక్కి కూర్చున్నారు.

రోడ్డు పని మొదలుపెట్టే నాడు కొబ్బరికాయ కొట్టడానికి మల్లన్న ఆ జీపులోనే వచ్చాడు. అమ్మవారు తిప్పిన బండి కదా. బాలకిషన్, మల్లన్న, వెనక ఆ ఎనిమిది మంది. జీపు మలుపు తిరిగి, షాబాద్ బండ ఎక్కి, దిగి, వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా నేరుగా మొగులయ్య షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. రేకుల కింద నిలబడ్డ మొగులయ్య కండ్లు ముందు చక్రం మీదే ఉన్నాయి. ఆ ఒక్క నిమిషం షెడ్డు సంగతి మర్చిపోయాడు.

“బాగా నడుస్తోందయ్యా,” అన్నాడు పక్కనే కాగితాలు పట్టుకుని ఉన్న జగన్నాథరావు.

“నిండుగున్నది గద సార్.”

జగన్నాథరావు ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత మొహం మాడ్చుకున్నాడు. “ఔను. ఆ రోజు వాళ్ళు పైనే కూర్చున్నారు. మనిద్దరం కిందున్నాం. ఒక్కళ్ళకీ తట్టలేదు చూడు.”

“నాకు తట్టింది సార్. దిగమని అడిగిన. దిగలే.”

మల్లన్న మైకు అందుకుని, ప్రజల మేలు కోరి తన స్థలాన్ని స్వచ్ఛందంగా వదులుకున్న త్యాగమూర్తి మొగులయ్య అని చెప్పి, అతని మెడలో దండ వేశాడు. మొగులయ్య ఆ దండతోనే రేకులు విప్పాడు. కూలీలు కూల్చిన పక్కింటి గోడ ఇటుకలు తెచ్చి గుంత నింపారు. నింపడం పెద్ద పనేమీ కాలేదు, మధ్యాహ్నానికే అయిపోయింది. ఎనిమిది మంది చప్పట్లు కొట్టారు.

మొగులయ్య ఇప్పుడు మలక్‌పేటలో వేరే వాళ్ళ షెడ్డులో రోజుకూలికి చేస్తున్నాడు. అక్కడి గుంత అతని ఎత్తుకు సరిపోదు, మెడ వంచి నిలబడాలి. కృష్ణమ్మ రెండుసార్లు పత్తర్‌గట్టి దుకాణానికి పోయి అడిగి వచ్చింది. జీపును జానెడు లేపిన కూలి, పట్టీల ఖర్చు, స్టీరింగు కీళ్ళ ధర కలిపి బాలకిషన్ మొగులయ్యకు ఆరు వందల ఇరవై రూపాయలు ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు.